ఇవతలి పాయ, అవతలి పాయ

జూన్ 12

మామయ్యా,

ఈ ఉత్తరం నవ్వకుండా చదవాలి. నవ్వు ఆగకపోతే అత్తయ్య చూడకుండా నవ్వుకో.

నాకు ఉద్యోగం వచ్చింది. నది కొలతల ఆఫీసులో గుమస్తాని. నాకొక కుర్చీ ఉంది, బల్ల ఉంది, బల్లకి సొరుగుంది, సొరుగుకి తాళంచెవి ఉంది. తాళమే పనిచెయ్యదు. మొదటిరోజు అమ్మ గేటుదాకా వచ్చి లోపలికి రానంది. "నేనొస్తే నీ కుర్చీ చిన్నబోతుందే" అంది. మన ఇంట్లో ఇంతకుముందు ఏ ఆఫీసుకి వెళ్ళినవాళ్ళయినా బయట అరుగు మీద కూర్చోడానికే వెళ్ళారు కదా, ఆ భయం ఇంకా పోలేదు.

వచ్చిన ప్రతి కాగితాన్నీ రిజిస్టర్‌లో ఎక్కించి, నంబరు వేసి, పెద్ద ఇంజనీరు గారి బల్లమీద పెట్టడం నా పని. మీ ఒడ్డు నుంచి నది గురించిగానీ లంక గురించిగానీ చిన్న చీటీ వచ్చినా ఎక్కించాల్సిందేనట. "అమ్మాయ్, రిజిస్టర్‌లో లేనిది లోకంలో లేదు" అన్నారాయన. నాకా మాట బాగా నచ్చింది. ఆరునెలలు తప్పు లేకుండా చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు.

చిన్నప్పుడు నువ్వు పడవలో కూర్చోబెట్టి చెప్పిందంతా ఇక్కడ గోడమీద పటంలో గీసి ఉంది. నది మధ్యలో లంక. లంకకి ఇవతల మా పాయ, అవతల మీ పాయ. రెండింటిలో ఏది లోతైతే దాని నడుమ సరిహద్దు. లోతు మీ పాయలో ఉన్నన్నాళ్ళూ లంక మా దేశానిది. నది మనసు మార్చుకుని మా వైపు లోతైతే లంక మీ దేశానికి పోతుంది. ఏటా వరద తీశాక రెండు దేశాలవాళ్ళూ ఒకేరోజు కొలుస్తారు. ఆ రోజు దాటేదాకా లంకమీద పుచ్చపాదులు పెట్టుకున్న అమ్మలాంటి వాళ్ళకి అన్నం సయించదు.

మీ ఇంట్లో ఎనిమిదేళ్ళు తిని చదువుకున్న చదువు ఇది. అప్పుడు ఒడ్డున కాపలా గేటు లేదు, బడి మీ ఒడ్డునే ఉండేది, నువ్వు ఉండేవాడివి. అమ్మని చూడాలని నేను ఏడ్చినప్పుడల్లా పడవ విప్పేవాడివి. అది ఏ రిజిస్టర్‌లోనూ లేదు, కానీ ఉంది.

నీ చదువులపిట్ట


జూన్ 29

చదువులపిట్టకి,

నేను నవ్వలేదు. మీ అత్తయ్య నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది, కూర మాడ్చింది. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రేవంతా తిరిగా. "మా మేనకోడలికి సొరుగుంది తెలుసా" అని పడవెక్కిన ప్రతివాడికీ చెప్పా. ఒకడు "సొరుగులో ఏముంది?" అన్నాడు. వాణ్ణి దింపేద్దామనుకున్నా, నడి ఏట్లో ఉన్నాం కదా అని ఊరుకున్నా.

తప్పులుంటే నువ్వే దిద్దుకో. పడవలో, తడి ఇసక మీద, పదేళ్ళ పంతులమ్మ దగ్గర నేర్చుకున్న అక్షరాలివి. ఇంతకంటే గుండ్రంగా రావు.

ఇక్కడ గట్టు విరుగుతోంది. మొన్న మంగళవారం తాపీమేస్త్రీ ఇల్లు ఏట్లో కలిసింది. పాపం గోడలన్నీ తనే కట్టుకున్నాడు. "నా గోడ పడలేదయ్యా, నేల పడింది" అని కనపడ్డవాడికల్లా చెప్పుకుంటున్నాడు. మన ఇంటికీ అంచుకీ మధ్య నలభై అడుగులుండేవి, ఇప్పుడు ముప్ఫై రెండు. మీ అత్తయ్య రోజూ పొద్దున్నే నడిచి కొలుస్తుంది. చిన్న అడుగులు వెయ్యవే, ఎక్కువొస్తాయి అన్నా. తిట్టింది.

అక్కకి ఇవన్నీ చెప్పకు, ఊరికే గుబులు పడుతుంది. సరే, చెప్పినా చెప్పు. అక్క దగ్గర దాస్తే ఎప్పుడు కలిసొచ్చింది కనక!

పడవ మామయ్య


జూలై 17

మామయ్యా,

చెప్పేశాను. అమ్మ ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "వాడికి చిన్నప్పటినుంచీ నోరు లేదు. పీకలదాకా మునిగినా ఇంకా కాలు అందుతోందనే అంటాడు. అవసరమైతే అక్కని అడగమను. అడగడానికి సిగ్గుపడితే వచ్చి చెవి మెలేస్తానని రాయి." రాశాను.

ఆఫీసులో పని పెరిగింది. వరద లెక్కలు రోజుకి మూడుసార్లు ఎక్కించాలి. నా పక్క బల్ల ముసలి గుమస్తా ఇరవైఏళ్ళుగా నది లెక్కలు రాస్తున్నాడుగానీ ఒక్కసారీ పడవెక్కలేదట, నీళ్ళంటే భయమట. నాకు నవ్వొచ్చింది. నేను నడకకన్నా ముందు తెడ్డు పట్టానని చెబితే నమ్మలేదు.

సామాను ముందే ఎత్తైన చోటికి చేర్చండి. మొండితనం వద్దు.

పిట్ట


ఆగస్టు 21

పిట్టా,

ఇల్లు పోయింది.

శుక్రవారం మధ్యాహ్నం. మేము అన్నం తిని లేచాం. అత్తయ్య కంచాలు కడిగి బోర్లించింది. వంటిల్లు ముందు వెళ్ళింది, కంచాలతో సహా. తర్వాత నువ్వు చదువుకున్న గది. అరుపు లేదు, చప్పుడు లేదు. మనిషి కూర్చున్నట్టుగా కూర్చుంది నీళ్ళలో. ఇప్పుడు బడిలో ఉంటున్నాం, ఇరవైరెండు ఇళ్ళవాళ్ళం. బడి తెరిస్తే ఎక్కడికి పొమ్మంటారో తెలీదు. మా సర్కారువాళ్ళు చోటు చూపిస్తాం అంటారు, ఎక్కడ అంటే ఆకాశం చూస్తారు.

ఇప్పుడు రాసేది అక్కకి. ఒక్క అక్షరం వదలకుండా చదివి వినిపించు.

అక్కా, అడగమన్నావుట. అడుగుతున్నా. లంకమీద నీ మెరక చెక్క ఉంది కదా, వరదకి మునగనిది. దానిలో ఒక మూల గుడిసె వేసుకుంటాం, నేనూ నా పెళ్ళామూ. ఈ వానలు పోయేదాకా, చలికాలం దాకా. నీ పాదులు కాస్తా. నా పడవ నా చేతిలోనే ఉంది, ఎవరి కంటా పడకుండా రాగలను. నువ్వు సరే అంటే చాలు. కాదంటే అదీ చెప్పు, నీ తమ్ముణ్ణేగా, ఏమీ అనుకోను. కానీ నువ్వే చెప్పు.

తమ్ముడు


సెప్టెంబరు 6

మామయ్యా,

మీ ఇల్లు పోయిందని చదివి ఆ రోజంతా నాకు అక్షరాలు కనబడలేదు. అమ్మ కూడా చాలా బాధపడింది. రెండురోజులు అన్నం ముట్టలేదు.

నీ పని గురించి నేను చెయ్యవలసిందంతా చేశాను. దొంగతనంగా వచ్చి ఉండడం నీకు తగదు. కాపలావాళ్ళు చూస్తే కాలుస్తారు. అందుకని నీ ఉత్తరాన్ని సక్రమంగా రిజిస్టర్‌లో ఎక్కించాను. నంబరు 212. లంకలో నివాసం కోరుతూ అవతలి ఒడ్డు నుంచి వచ్చిన అర్జీ అని రాసి, నేనే స్వయంగా పెద్ద ఇంజనీరు గారి దగ్గరికి తీసుకువెళ్ళాను. "మా మామయ్య అండీ, నన్ను చదివించినాయన" అని కూడా చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విన్నారు. జవాబు పదిరోజుల్లోనే వచ్చింది. మా ఆఫీసులో పదిరోజుల్లో జవాబు ఎవరికీ రాలేదు, నీకే వచ్చింది.

జవాబు దీనితో పెడుతున్నాను. పరాయిదేశపు పౌరులకి లంకమీద నివాసం కుదరదని ఉంది. నిరాశపడకు. అందులోనే అడుగున ఉంది చూడు, మీ ప్రభుత్వం ద్వారా వస్తే పరిశీలిస్తారట. అందుకే ఒక నకలు మీ ఒడ్డు ఆఫీసుకి కూడా పంపారు. అంటే నీ పని రెండువైపులా నమోదైంది. ఇక నిన్నెవరూ కాదనలేరు.

నువ్వు నేర్పిన నిజాయితీతోనే చేశానని అనుకుంటున్నాను.

నీ చదువులపిట్ట


అక్టోబరు 1

గుమస్తా గారికి,

తమరి ఉత్తరం, దానితో వచ్చిన ముద్రవేసిన కాగితం అందాయి. శ్రమ తీసుకున్నందుకు సంతోషం. అక్క కూడా బాధపడిందని తెలిసింది. చాలు.

మేము ఒకచోట ఉన్నాం. ఆ సంగతి విడిచిపెట్టండి.

పేపర్లో చూశాను, వరదలో మీ ఆఫీసు పడవ తిరగబడి కొలతగడ కొట్టుకుపోయిందట. మా దగ్గర మీ తాత కొలతగడ ఉంది. ఇల్లు పోయినా అది పడవలో ఉండబట్టి మిగిలింది. సరిహద్దు మొదటిసారి గీసినప్పుడు రెండు దేశాలవాళ్ళూ తాత గడతోనే కొలిచారు, లోతు ఇప్పటికీ జానల్లోనే రాస్తారని మీకు తెలియంది కాదు. దానికి జోడీగా చేసింది మా ఒడ్డు ఆఫీసులో ఉంది. ఇది మీ దగ్గర ఉంటే సరిపోతుంది. రేవు పడవలో పంపుతున్నా. అడుగున తొడిగే ఇనప పొన్ను వదులైతే కొత్తగా బిగించా.

పడవవాడు


అక్టోబరు 20

మామయ్యా,

గుమస్తా గారట! తమరట! అత్తయ్య నవ్వి ఉంటుంది. నాకు మాత్రం కొంచెం గుచ్చుకుంది. నన్ను ఆటపట్టించేటప్పుడు చివర్లో ఒక మామూలు మాట అయినా రాస్తే బాగుండేది.

గడ అందింది. నేనూ అమ్మా చెరో కొన పట్టుకుని ఇంటికి తెచ్చాం. సందు మలుపులో పట్టక పక్కింటివాళ్ళ కిటికీలోంచి ఒక కొన లోపలికి దూర్చి తిప్పాల్సి వచ్చింది. వాళ్ళ తాత భోంచేస్తున్నాడు, ఎదురుగా గడ వచ్చేసరికి విస్తరి ఎత్తుకుని లేచాడు. అమ్మ గడని ఒళ్ళో పెట్టుకుని తడిమింది. "నాన్న చేతి చెమట ఇందులోనే ఉంది. వాడు దీన్ని కూడా నీకే ఇచ్చాడు చూడు, తనకేం మిగుల్చుకోడు" అంది.

మర్నాడు ఆఫీసుకి పట్టుకెళ్ళాను. పెద్ద ఇంజనీరు గారు దాన్ని చూసి లేచి నిలబడ్డారు. పాత పుస్తకంలో దాని బొమ్మ ఉందట. "కొలత సరైనదని ఎవరు హామీ?" అని అడిగారు. నేనే అన్నాను. మా తాత గడ, మా మామయ్య చేతిలో ఉన్నది, జానెడు తేడా రాదు అని రాసి సంతకం పెట్టాను. నా సంతకం మీద ఒక దేశం కొలత నిలబడింది మామయ్యా!

కొలత నవంబరు రెండున. మా పాయ మేము కొలుస్తాం, మీ పాయ మీవాళ్ళు. ఎప్పటిలా మీ ఆఫీసు పడవకి నువ్వే వస్తావుగా? దూరం నుంచైనా చెయ్యి ఊపుతాను.

నీ పిట్ట


నవంబరు 9

మామయ్యా,

నువ్వు రాలేదు. నీ బదులు ఎవరో కుర్రపడవవాడు వచ్చాడు. నీ గురించి అడిగితే ముఖం తిప్పుకున్నాడు. ఒంట్లో బాగాలేదా?

లంక పోయింది. మీ పాయ పద్దెనిమిదిన్నర జానలు. మా పాయ పంతొమ్మిది. నేనే బిగ్గరగా చదివి రాయించాను. నది ఒక్క వరదకి ఇంత మారుతుందా అని పెద్ద ఇంజనీరు గారు రెండోసారి కొలిపించారు. అప్పుడూ పంతొమ్మిదే.

అమ్మకి ఎవరూ చెప్పలేదు, నేనూ సాయంత్రం చెప్పచ్చులే అనుకున్నాను. తను మర్నాడు మామూలుగా విత్తనాల మూట పట్టుకుని రేవుకి వెళ్ళింది. కాపలావాడు లంకకి వెళ్ళే పాసు చింపేశాడు. "అది పరాయిదేశం, ముసలమ్మా" అన్నాడట. "నిన్న నేను తవ్విన గుంటలున్నాయి నాయనా అక్కడ" అందట. వెనక్కి వచ్చి ఆ మూట గుమ్మం దగ్గర పెట్టి అక్కడే కూర్చుంది. మొత్తం నలభై కుటుంబాలు మామయ్యా. మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఇప్పుడు నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు.

డిసెంబరు నెలాఖరుకి రెండు దేశాలూ సంతకాలు పెడతాయి. పెడితే ఇక మార్పు లేదు. లంక ఇప్పుడు మీది కదా, ఆ మెరక ఎవరికిస్తారో తెలిస్తే రాయి. అమ్మ హుషారు తెచ్చుకోవాలని "పోనీలే, వాడి దేశానికేగా పోయింది" అంటోంది.

పిట్ట


నవంబరు 24

ఆ మెరక నాకిస్తారు. ఇళ్ళు పోయినవాళ్ళందరికీ లంకమీద చోటు ఇస్తామని సెప్టెంబరులోనే చెప్పారు, లంక మాకొస్తే. ఇప్పుడు తెలిసిందిగా.

ఇక దాచేదేముంది. గడ దించి చూసుకో. అడుగునుంచి ఐదు జానలకి ఒక ఇత్తడి మేకు ఉండాలి. ఇప్పుడు నాలుగు జానలే ఉంటాయి. పొన్ను ఊడదీసి, జానెడు కోసి, మళ్ళీ పొన్ను తొడిగా, ఏ లోతైనా జానెడు ఎక్కువ చూపించేలా. నా చేత్తోనే కోశా. లెక్కలు నాకు నేర్పినదానివి, ఒక్కసారి లెక్కపెట్టుకోలేదా? పెట్టుకోవని తెలిసే పంపా.

ఎందుకంటావా? నువ్వు పంపిన నకలు మా ఆఫీసుకి చేరిన నాలుగోరోజు ఇద్దరు వచ్చారు. ఇరవైరెండు కుటుంబాల ముందు నా ఉత్తరం పైకి చదివారు. "నీ పెళ్ళామూ నీ అక్కా నీ గుడిసె" అని నవ్వుతూ చదివారు. అవతలి దేశానికి అర్జీ పెట్టుకున్నవాడికి మా ఏట్లో పడవ ఎందుకన్నారు. లైసెన్సు తీసుకున్నారు, పడవ తీసుకున్నారు. ముప్ఫైఏళ్ళ పడవ. మీ అత్తయ్యని పదకొండేళ్ళ పిల్లలు కూడా పరాయిదానా అని పిలుస్తున్నారు.

నేను ఉత్తరం రాసింది ఆఫీసుకి కాదు. మా అక్కకి. కాదంటే కాదని చెప్పు, నువ్వే చెప్పు అని రాశా. తను అంతా విని, బాధపడి, రెండురోజులు పస్తుండి, నీ చేత ముద్రవేసిన కాగితం పంపించింది. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నా. తెప్పలో మనుషులుండగానే తగలేసేవాళ్ళని మిమ్మల్నే చూశా.

ఇప్పుడు వెళ్ళి చెప్పుకో మీ ఇంజనీరుకి. ఈ ఉత్తరానికీ నంబరు వెయ్యి. అక్కకి కూడా చదివి పెట్టు, తన పాదులు ఎవరు పీకారో తెలియాలి.


డిసెంబరు 7

మామయ్యా,

లెక్కపెట్టాను. నాలుగే.

మర్నాడు ఆఫీసులో అందరి ముందూ గడ దించి చూపించాను. మా పాయ పంతొమ్మిది కాదు, పద్దెనిమిది అని చెప్పాను. పెద్ద ఇంజనీరు గారు తామే జానపెట్టి మేకుదాకా లెక్కపెట్టారు. "కోసిందెవరో చెప్పమ్మాయ్. చెబితే నీ కుర్చీ నీకుంటుంది" అన్నారు. ఆయనకి తెలీక కాదు, నా నోటితో చెప్పించాలని. చెప్పనన్నాను. చూసుకోకుండా సంతకం పెట్టింది నేను, అది మాత్రం రాసుకోండి అన్నాను. సంతకాలు ఆగిపోయాయి. జనవరిలో రెండు పాయలూ ఇనపకడ్డీతో మళ్ళీ కొలుస్తారట. నీకిస్తామన్న చోటు సంగతి నాకు తెలీదు. నాకు కుర్చీ లేదు.

నువ్వు చేసింది నేను క్షమించలేను. కోపం వస్తే నన్ను కొట్టాల్సింది, నలభై కుటుంబాలేం చేశాయి? తాత గడని కొయ్యడానికి నీ చెయ్యెలా వచ్చిందో రాత్రీ పగలూ ఆలోచిస్తున్నాను. ఈ ముక్క రాయకపోతే నేను మళ్ళీ మంచిపిల్లలా నటించినట్టే, అందుకు రాస్తున్నాను.

కానీ ఒకటి నీకు తెలీదు. అమ్మ నీ ఆగస్టు ఉత్తరం వినలేదు.

ఇల్లు పోయిందని మాత్రం చెప్పాను. అమ్మ ఏడ్చింది దానికి. మిగతాది చదవలేదు. చదివితే అమ్మ ఆ క్షణమే సరే అంటుందని, లంకకి వెళ్ళి తాటాకులు పరుస్తుందని, కాపలావాళ్ళు పట్టుకుంటే నా ఉద్యోగం ఖాయం కాదని నాకు తెలుసు. నిజాయితీ అని నీకు రాశాను. అది నిజాయితీ కాదు, భయం. అమ్మకి అక్షరం రాదు కాబట్టి నేను చదివిందే ఉత్తరం. ఆ ధైర్యంతో చేశాను.

నిన్న మధ్యాహ్నం, ఆఫీసుకి ఎందుకు వెళ్ళలేదని అమ్మ నిలదీసింది. కూర్చోబెట్టి నీ రెండు ఉత్తరాలూ చదివాను. ఆగస్టుది ముందు. చివరిది తర్వాత. గడ కోసిన సంగతి చదువుతున్నప్పుడు అమ్మ కళ్ళెత్తలేదు. అయిపోయాక "మొదటిది మళ్ళీ చదువు" అంది. చదివాను.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"ఆగస్టులో."

"ఇప్పుడు డిసెంబరు కదూ?"

"రూలు ఒప్పుకోదమ్మా. నిన్ను కూడా జైల్లో వేసేవాళ్ళు."

"రూలు ఒప్పుకోకపోతే ఆ మాట నేను చెప్పేదాన్ని వాడికి. నా గొంతుతో, తిట్టో ఏడ్చో. వాడడిగింది నన్నే. పిలిచింది నన్నే. నాలుగు నెలల్నించీ నేను పలకలేదనుకుంటున్నాడు వాడు."

పొయ్యి దగ్గరికి వెళ్ళింది, వెలిగించలేదు, తిరిగి వచ్చింది. నేను కాగితం తీసి, ఏం రాయమంటావో చెప్పమ్మా, ఒక్క అక్షరం మార్చకుండా రాస్తాను అన్నాను.

"నీ చేత్తో వద్దులే" అంది.

అమ్మ ఇన్నేళ్ళలో నన్ను చాలా తిట్టింది. ఇలా నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఇకమీదట నీ దగ్గర నుంచి ఏదొచ్చినా పోస్ట్‌మన్ చేతే చదివించుకుంటుందట, వీధి అరుగు మీద కూర్చుని, పదిమంది విన్నా సరేనట. జవాబు కూడా అతనే రాస్తాడట. ఇవాళ పొద్దున్న అతన్ని ఆపి అడిగింది. అతను నా వంక చూశాడు. నేను లోపలికి వచ్చేశాను.

అందుకని నువ్వు ఏం రాసినా అమ్మ పేరున రాయి. కవరు గట్టిగా అంటించు. నేను విప్పను.

మేనకోడలు